తుండుగుడ్డ లేని చేతులు

ఏథెన్సు నగరాన్ని నాలుగు రోజులపాటు కాళ్ళు అరిగేలా తిరిగి చూసినవాణ్ణి మా కోవిల్‌పట్టి చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గొప్పలు చెప్పుకుంటున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, గొప్పే మరి. చదువుకున్నవాళ్ళు ఆ ఊరి గురించి పుస్తకాల్లో చదివారు. నేను వాళ్ళ పాత సంతలో ఎద్దుల్ని ఎక్కడ కట్టేసేవాళ్ళో కనిపెట్టి వచ్చాను. కానీ అక్కణ్ణుంచి నేను తెచ్చుకున్నది అది కాదు. ఆరేళ్ళుగా నా చెయ్యి ముట్టని మా నాయన చెయ్యి మళ్ళీ ఎట్లా పట్టుకోవాలో అక్కడి మ్యూజియంలో ఒక రాతి బొమ్మ ముందు నిలబడి నేర్చుకున్నాను. అది చెప్పాలంటే ముందు మా నాయన గురించీ, ఆయన భుజం మీది తుండుగుడ్డ గురించీ చెప్పాలి.

తెలుగు మాకు ఇంట్లో మాట. బడిలో అరవం, దొరల దగ్గర ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను మీసం వచ్చాక విరుదునగర్‌లో ఒక పంతులు వెంటపడి నేర్చుకున్నాను. అందుకని నా రాత పుస్తకాల తెలుగులో వస్తుంది. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మా ఊరివే, వాటిని దిద్దే ఉద్దేశం నాకు లేదు.

మా నాయన పశువుల బేరగాడు. పుదూరు దారిలో మాకు కొంత నల్లరేగడి ఉండేది. వాన పడితే పత్తి, జొన్న. పడకపోతే పగుళ్ళు. ఇంటిని నడిపించింది మాత్రం నాయన చేతివేళ్ళు. మా వైపు సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యీ బేరగాడి చెయ్యీ ఒక తుండుగుడ్డ కింద కలుసుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, అన్నీ కలిపి పిడికిలి పడితే అయిదు. పదులా వందలా అన్నది ఎద్దును చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పైకి కనిపించేది గుడ్డ కదలడం ఒక్కటే. ఆ ఇద్దరూ ఆ కాసేపూ మబ్బుల గురించో, పత్తి పురుగు గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. తరవాత బేరగాడు కొనేవాడి దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే గుడ్డ కింద అదే పని చేస్తాడు. కుదిరితే పిడికిలి రెండుసార్లు నొక్కుతారు. అంతటితో బేరం ముగిసినట్టు.

నాయన వేళ్ళకి సంతలో మంచి పేరు. ఆయనకి ఒక నియమం కూడా ఉండేది. ఎద్దులో లోపం ఉంటే, కొనేవాడు అడిగితే దాచడు. అడక్కపోతే మాత్రం ప్రాణం పోయినా చెప్పడు. చిన్నప్పుడు నేను ఒకసారి, "ఎందుకు నాయనా చెప్పవు?" అని అడిగాను.

"కండ్లు ఉండాయి గదా, చూసుకోనీ. నేను కొనేవానికీ చుట్టం కాదు, అమ్మేవానికీ చుట్టం కాదు. చుట్టమైతే చెప్తాను," అన్నాడు.

నాకు ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి పాదిరీల బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని ఉన్నాను. దాంతో లోకంలో నాకు తెలియనిది ఏమీ లేదన్న పొగరు కూడా వచ్చింది. ఆ పొగరు ఇప్పటికీ పూర్తిగా పోలేదని నా భార్య అంటుంది, ఆవిడ సంగతి వదిలేయండి. పందొమ్మిదివందల ఇరవైల చివర్లో, వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టిన కాలం అది. నాయనకి సాయంగా కోవిల్‌పట్టి సంతకి వెళ్ళాను. కయత్తారు వైపు నుంచి ఒక రైతు జత ఎద్దుల్ని తోలుకొచ్చాడు. నిగనిగలాడే ఎద్దులు. మనిషి మాత్రం ఎండిపోయి ఉన్నాడు. నాయన చేతికి గుడ్డ చుట్టుకుని ఆయన చెయ్యి అందుకున్నాడు.

ఆ బేరం ఎంతకీ తెమలదు. ఎండ నెత్తిన పేలిపోతోంది. కొనేవాడు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వీళ్ళిద్దరూ గుడ్డ కింద వేళ్ళు వెతుక్కుంటూ, పైకి మబ్బుల గురించి మాట్లాడుకుంటూ ఉన్నారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నాకు ఒళ్ళు మండింది. "ఏమిది, దాగుడుమూతలాటా?" అని ఆ తుండుగుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగాను.

రెండు చేతులూ బయటపడ్డాయి. ఆ రైతు పిడికిట్లో నాయన మూడు వేళ్ళు ఉన్నాయి. "మూడా! మూడుకే ఇస్తాడంటనా!" అని నేను పైకి అరిచాను కూడా.

ఆ ఎద్దుల్ని చూసిన ప్రతివాడికీ తెలుసు, అది వాటి ధరలో సగం కూడా కాదని. ఆ మనిషి ఎంత ఇరకాటంలో ఉంటే అంత కిందికి దిగాడో సంతంతటికీ ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఎవరో నవ్వారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మొహం ఎవరికీ చూపించకుండా ఎద్దుల పగ్గాలు విప్పుకుని వెళ్ళిపోయాడు. నాయన కింద పడ్డ గుడ్డని తీసి, దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు.

"ఈ తుండు మన గుట్టుకి కాదురా. వాని మానానికి," అన్నాడు.

నేను తప్పు చేశానని అక్కడికక్కడే తెలిసింది. తెలిసినా ఒప్పుకుంటే నేనెట్లా అవుతాను? "అయితే నీ తుండు నువ్వే కప్పుకో," అని అందరి ముందరా అనేసి, ఆ సాయంత్రమే రైలెక్కి విరుదునగర్ వెళ్ళిపోయాను. రెండేళ్ళ తరవాత బుద్ధి వచ్చి ఆ రైతు కోసం కయత్తారు చుట్టూ ఊళ్ళన్నీ వెతికాను. భూమి వదిలేసి ఎటో పనికి పోయాడన్నారు. ఆయనకి నేను చేసింది అట్లాగే మిగిలిపోయింది, ఇక దిద్దుకోలేను.

విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో పనికి కుదిరాను. మొదటి నెలంతా తుమ్ములే. తరవాత ఆ ఘాటు లేకపోతే గాలిలో ఏదో తక్కువైనట్టు ఉండేది. కాయని చెవి దగ్గర ఆడించి, లోపల గింజల చప్పుడు విని ఎంత ఎండిందో చెప్పడం నేర్చుకున్నాను. అక్కడా గొప్ప బేరాలన్నీ తుండుగుడ్డ కిందే! తప్పించుకుని వచ్చిందానికే మళ్ళీ చెయ్యి ఇవ్వాల్సొచ్చింది. ఇంకా విడ్డూరం ఏమిటంటే, నాకు ఆ పని నీళ్ళు తాగినంత సులువుగా వచ్చింది. "వాళ్ళ నాయన వేళ్ళే" అనేవాళ్ళు మండీలో. ఆ మాట వింటే సంతోషమూ వేసేది, ఏడుపూ వచ్చేది.

ఇంటికి వెళ్ళడం మానలేదు. అమ్మ ఉంది కదా. నాయన మాత్రం నాతో మాట్లాడడు. కోపంగా ఉన్నట్టూ కనిపించడు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే పాకలో ఏ దూడ ఉంటే దానికి చెప్పేవాడు. "పట్నం పోయినోళ్ళు ఇట్లనే చిక్కిపోతారు, నువ్వన్నా బాగా తిను," అని దూడ గంగడోలు నిమిరేవాడు. నేను దగ్గరికి వెళ్తే చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. కాగితం ఇచ్చినా, చెంబు ఇచ్చినా, కింద పెట్టమన్నట్టు చూసి, నేను పెట్టాక తీసుకునేవాడు. నా వేలు ఆయన వేలికి తగలకూడదు. ఆరేళ్ళు ఇదే వరస. మాటలు లేకపోతే భరించవచ్చు. ఆ చేతులు నన్ను కాదనడం భరించలేకపోయాను.

ఇంతలో మండీ యజమానికి సీమ ప్రయాణం తగిలింది. మేమంతా ఆయన్ని మొదలాళి అనేవాళ్ళం. మా తెలుగువాడే. మిరపకాయల మండీతో పాటు పత్తి గింజలు తీసే మిల్లు కూడా ఉండేది ఆయనకి. కొత్త యంత్రాలు చూసి రావడానికి ఇంగ్లండు బయల్దేరాడు. ఆయనకి చదువు బాగా ఉంది, ధైర్యం తక్కువ, నాలుక మహా పెంకిది. చింతపండు తగలని ముద్ద మింగలేడు. వంట తెలిసి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి, నోరున్నవాడు తోడు కావాలి. ఈ మూడూ కలిసిన మనిషి విరుదునగర్ మొత్తం మీద నేనే.

బయల్దేరేముందు ఇంటికి వెళ్ళాను. నాయన వాకిట్లో దూడ పక్కన కూర్చుని పగ్గం పేనుతున్నాడు. "చెప్పి పోరా," అంది అమ్మ. నేను గోడకి చెప్పినట్టు చెప్పాను, సీమకి పోతున్నాననీ, వచ్చేసరికి ఆరునెలలు పడుతుందనీ. నాయన తలెత్తలేదు.

"సముద్రం మీద చలి ఎక్కువంట. కంబళి తీసుకపోతే మంచిది," అన్నాడు దూడతో.

కంబళి తీసుకున్నాను. మనసాగక, పోయొస్తానని చెయ్యి చాచాను. ఆయన రెండు చేతులూ పగ్గంలోనే ఉంచుకున్నాడు. ఆ చెయ్యి అట్లాగే ముడుచుకుని రైలెక్కాను.

ఇంగ్లండు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాన, పొగ, యంత్రాలు. తిరుగు ప్రయాణంలో ఓడ ఇంజన్ మొరాయించి ఏథెన్సు పక్కనున్న రేవులో ఆగిపోయింది. బాగు కావడానికి నాలుగు రోజులన్నారు. మొదలాళి మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు ఆ నగరం గురించి చదివాడట. రేవులోనే గడ్డిటోపీ పెట్టుకున్న ఒక ముసలాయన్ని దారి చూపడానికి కుదుర్చుకున్నాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో నేర్చుకున్నట్టు ఉండేవి, అందుకే మాకిద్దరికీ బాగా కుదిరింది. ముందు ముసలాయన, వెనక పుస్తకం పట్టుకుని మొదలాళి, ఆయన వెనక చింతపండన్నం క్యారియర్ మోసుకుంటూ నేను.

మొదట కొండ మీది పాలరాతి గుడికి తీసుకెళ్ళాడు. మెట్ల దగ్గర నేను చెప్పులు విడిచాను, మొదలాళీ విడిచాడు. ముసలాయన వద్దు వద్దంటున్నా వినలేదు. పైకి వెళ్ళేసరికి రాయి కాలిపోతోంది. మొదలాళి కుంటుకుంటూ వెనక్కి పరిగెత్తి చెప్పులు తొడుక్కున్నాడు. నేను తొడుక్కోలేదు. రేగడి పగుళ్ళ మీద నడిచిన కాళ్ళు ఇవి. స్తంభాలు పెద్దవే, కాదనను. కానీ రాయి మీద రాయి పేర్చి కట్టినవి. మా కళుగుమలై కొండ మీద ఒకే రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన గుడి ఉంది. ఆ మాటే ముసలాయనతో అన్నాను.

"అది పూర్తయిందా?" అన్నాడు.

"లేదు, మధ్యలో ఆపేశారు," అన్నాను.

"మాది పూర్తయింది, తరవాత పగలగొట్టారు," అన్నాడు. ఇద్దరం సమానమని ఒప్పుకున్నాం.

కొండ కింద పాత సంత వీధిని తవ్వుతున్నారు. ఆ చోటు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తట్టలతో మట్టి మోసేవాళ్ళు, అరిచే మేస్త్రీ, దుమ్ము, మేకలు! ఇక్కడ పెద్ద పెద్ద జ్ఞానులు తిరుగుతూ వాదించుకునేవాళ్ళని ముసలాయన మొదలుపెట్టాడు.

"మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా మాట్లాడతారు. ఎద్దుల్ని ఎక్కడ కట్టేసేవాళ్ళు?" అని అడిగాను.

ఆయన ముప్పయ్యేళ్ళుగా ఊరు చూపిస్తున్నాడట, ఎవరూ అడగలేదట. అయితే నేనే చూస్తానని క్యారియర్ కింద పెట్టి వెతికాను. ఒక మూల, అంచుకి రంధ్రం ఉన్న రాయి కనిపించింది. రంధ్రానికి ఒకవైపే నునుపుగా అరిగి ఉంది. పగ్గం రాసుకున్న అరుగుదల అది, నాకు తెలియదా! ముసలాయన వంగి వేలు పెట్టి చూసి, "కావచ్చు," అన్నాడు. కావచ్చేమిటి, అదే. ఈ రోజుకీ నా మాట మీద నేను ఉన్నాను.

మూడో రోజు మ్యూజియం. గుమ్మం దగ్గర కాపలావాడు క్యారియర్ లోపలికి వద్దన్నాడు. ఏముందో చూపించమన్నాడు. మూత తీశాను. నువ్వులనూనె వాసనకి ముక్కు ఎగరేసి, వేలితో కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "విరుదునగర్ కాయ అంటే ఏమనుకుంటివి!" అన్నాను తెలుగులోనే. వాడికి అర్థమైనట్టే ఉంది, నా భుజం తట్టి క్యారియర్‌ని తన కుర్చీ కింద భద్రంగా పెట్టాడు.

లోపల చేతులు లేని బొమ్మలు, తలలు లేని బొమ్మలు, ముక్కు విరిగిన రాజులు. మా వైపు విరిగిన విగ్రహాన్ని నీళ్ళలో వదిలేస్తాం. వీళ్ళు దీపాలు పెట్టి మరీ చూపిస్తున్నారు. మొదలాళి ప్రతి బొమ్మ దగ్గరా ఆగి పుస్తకం తిప్పుతుంటే నేను విసుగెత్తి పక్క గదిలోకి నడిచాను. అక్కడ ఆగిపోయాను.

నిలువెత్తు తెల్లటి పలక. దాని మీద ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కుడి చేతులు పట్టుకున్నారు. కుర్చీ కింద ఒక కుక్క. వెనకాల ఏడుపు మొహంతో ఒక ఆడపిల్ల. నాకు నవ్వొచ్చింది. ఎంత దూరం వచ్చినా మన పనే!

"మొదలాళీ, ఇటు రాండి! ఇది బేరం!" అని కేకేశాను.

మొదలాళి కంగారుగా వచ్చాడు. నేను వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. కూర్చున్నామె అమ్మేది, నిలబడ్డాయన కొనేవాడు, బేరం ఆ కుక్కది. ఆ పిల్ల దాన్ని పెంచుకుంది, అందుకే ఏడుస్తోంది.

"తుండు ఏదయ్యా మరి?" అన్నాడు మొదలాళి. ఆయనా మండీ మనిషే.

"అదే నాకూ తెలియలే. బుద్ధి లేనోళ్ళు, అందరికీ తెలిసేటట్లు పట్టుకొని ఉండారు," అన్నాను.

ముసలాయన ఏమిటని అడిగితే మొదలాళి ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, టోపీ తీశాడు. ఇది సమాధి రాయి అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు చనిపోయారు, ఒకరు బతికి ఉన్నారు. ఇది ఇద్దరూ ఆఖరిసారి చెయ్యి ఇచ్చుకోవడం అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. చచ్చినవాళ్ళకి ఎవరైనా చెయ్యి ఇస్తారా? మేము నీళ్ళు వదులుతాం, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాం. ఆయన మాట తప్పని రుజువు చెయ్యాలని గదంతా తిరిగాను. ఒక రాయి మీద తండ్రీ కొడుకూ. ఒకదాని మీద ఇద్దరు ఆడవాళ్ళు. ఒకదాని మీద భార్యాభర్తలు. రాయి రాయికీ చెయ్యీ చెయ్యీ. అప్పుడు మొదటి పలక దగ్గరికి తిరిగొచ్చి, మా పనిలో చూసే తీరుగా ఆ వేళ్ళని చూశాను. మా పనిలో ప్రతి పట్టుకీ ఒక లెక్క ఉంటుంది. ఇది మూడు కాదు, నాలుగు కాదు, పిడికిలీ కాదు. నాలుగు వేళ్ళూ వదులుగా అవతలి చేతిని చుట్టుకుని ఉన్నాయి, బొటనవేలు పైన ఊరికే ఆని ఉంది. అడగడం లేదు, ఇవ్వడం లేదు. మండీలో ఇన్నేళ్ళుగా గుడ్డ కింద వేళ్ళు చదువుతున్నవాణ్ణి, ఏ లెక్కా లేని పట్టుని అదే మొదటిసారి చూడటం.

"ఇద్దరిలో చనిపోయింది ఎవరు?" అని అడిగాను.

"పేరు చెక్కి ఉంటే తెలిసేది. ఈ రాయికి పైభాగం విరిగిపోయింది. కూర్చున్నామె అని కొందరంటారు. నాకు తెలియదు," అన్నాడు ముసలాయన.

సిగ్గెందుకు, అక్కడే ఏడ్చాను. ఇద్దరిలో ఒకరు చచ్చి కూడా వీళ్ళు చెయ్యి వదల్లేదు. నాయనా నేనూ ఇద్దరం బతికుండి ముట్టుకోకుండా ఆరునెలల ప్రయాణానికి విడిపోయాం. సముద్రంలో ఈ ఓడ మునిగితే మా ఇద్దరి మధ్యా ఆఖరున మిగిలేది ఒక పగ్గం, ఒక ముడుచుకున్న చెయ్యి. మొదలాళి పాపం, "అన్నం చల్లారిపోతుంది, రా," అన్నాడు. నాలుగో రోజు వాళ్ళిద్దరూ సముద్రం ఒడ్డు చూడటానికి వెళ్తే నేను ఒక్కణ్ణే మళ్ళీ మ్యూజియానికి వెళ్ళాను. కాపలావాడు క్యారియర్ ఏదని అడిగాడు. ఆ పలక ముందు నిలబడి, ఎవరూ చూడకుండా నా ఎడమ చేతిని నా కుడి చేత్తో అట్లా పట్టుకుని చూసుకున్నాను. ఆ పట్టు చేతికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

విరుదునగర్ చేరాక మొదలాళి మిరప బస్తాల బండికి కొత్త ఎద్దుల జత కావాలన్నాడు. నేను కోవిల్‌పట్టి సంత నుంచి తెస్తానన్నాను. నా లెక్క నాకుంది. ఇంటికెళ్తే నాయన దూడతో మాట్లాడతాడు. సంతలో అట్లా కుదరదు. కొనేవాడు చెయ్యి చాచినప్పుడు బేరగాడు కాదనకూడదు, పగవాడైనా సరే. అది వాళ్ళ కట్టు. నాయన కట్టు తప్పే మనిషి కాదు.

సంత నిండుగా ఉంది. నాయన ఒక ఎర్రెద్దుల జత పక్కన నిలబడి ఉన్నాడు. తలపాగా కింద నుంచి నన్ను చూశాడు, చూడనట్టు ఎద్దు మెడ నిమిరాడు. నేను నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఎద్దులు కావాల. మండీ బండికి," అని చెయ్యి చాచాను.

చుట్టూ ఉన్న బేరగాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఆరేళ్ళ కిందటి సంగతి వాళ్ళకి నిన్నటిదే. నాయన నా చేతిని ఎంతోసేపు చూసినట్టు నాకనిపించింది. అంతసేపు ఉండదులెండి. భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. గుడ్డ కింద ఆయన చెయ్యి నా చేతిలోకి వచ్చింది. పగ్గాలు పేని కాయలు కాచిన చెయ్యి.

పద్ధతి ప్రకారం నేను ఇప్పుడు వేళ్ళు పట్టి ధర చెప్పాలి. చెప్పలేదు. ఏథెన్సులో చూసినట్టు నాలుగు వేళ్ళూ ఆయన చేతి చుట్టూ వదులుగా చుట్టి, బొటనవేలు పైన ఆనించాను. ఆయన వేళ్ళు వెతికాయి. నా చూపుడువేలు తడిమాడు, ఉంగరంవేలు తడిమాడు, ఏ లెక్కా దొరకలేదు. ఎంతని అడుగుతున్నట్టు గోటితో గీకాడు. నేను పట్టు మార్చలేదు. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"ఏమిరా ఇది? ఇది ఏం లెక్క?" అన్నాడు.

ఆరేళ్ళ తరవాత నాతో, దూడతో కాదు, నాతో అన్న మొదటి మాట అది.

"లెక్క కాదు నాయనా. వచ్చేదారిలో ఒక ఊరు చూస్తిని. శానా పాత ఊరు. ఆడ రాళ్ళ మీద అందరూ ఇట్లా చెయ్యి పట్టుకొని ఉండారు. ఒకరు చచ్చినోళ్ళు, ఒకరు బతికినోళ్ళు. అయినా విడవలే."

నాయన చేతిని వెనక్కి తీసుకోలేదు. గుడ్డ కదలడం ఆగింది. ఏదో ఆలోచిస్తున్నట్టు ఎద్దుల వైపు చూశాడు.

"తుండు వేసుకోలేదా వాండ్లు?"

"లేదు నాయనా."

"సుమ్మా, ఊరికే అట్లనే, అందరి ముందరా?"

"అందరి ముందరే. రెండువేల యేండ్లుగా అట్లనే పట్టుకొని ఉండారు." ఆరేళ్ళుగా నోట్లో ఇరుక్కున్నది కూడా చెప్పేశాను. "ఆ పొద్దు నేను లాగింది తప్పే నాయనా. వాని మానం తీసితిని."

నాయన ఎడమ చేత్తో తుండుగుడ్డ అంచు పట్టుకుని మెల్లగా లాగి, భుజాన వేసుకున్నాడు. ఎండలో, సంత నడిమధ్య, ఆయన చెయ్యీ నా చెయ్యీ అందరికీ కనిపిస్తూ ఉన్నాయి. ఆయన వేళ్ళు అప్పటికి ఆ పట్టు నేర్చేసుకున్నాయి, బొటనవేలితో సహా.

పక్కన బేరగాడొకడు ఉండబట్టలేక, "ఏమయ్యా, గుడ్డ జారిపాయెనా?" అన్నాడు.

"జారలే. నేనే తీసితిని. వీడు నా కొడుకు," అన్నాడు నాయన.

నేను తల వంచుకుని నిలబడ్డాను. సంత మళ్ళీ తన గోల తను మొదలుపెట్టింది. నాయన నా చెయ్యి పట్టుకునే ఉండి, గడ్డంతో ఆ ఎర్రెద్దుల్ని చూపించి, నాకు మాత్రమే వినబడేట్టు గొంతు తగ్గించాడు.

"ఈ జత నీకు వద్దు. కుడిపక్క దానికి వెనక్కాలు బాగలేదు. ఎండెక్కితే తెలియదు గానీ, పొద్దున లేచినప్పుడు కుంటుతుంది."

నేను అడగనే లేదు.